టెంకాయ లేచి నిలబడిన చోట

మా అమలాపురంలో కొబ్బరికాయను ఎవరూ పెద్దగా లెక్కచెయ్యరు. పెరట్లో రాలితే తీరికున్నప్పుడు తెచ్చుకుంటాం, లేకపోతే మొక్క మొలిచేదాకా అక్కడే వదిలేస్తాం. పచ్చడికి, నూనెకు, దేవుడికి వాడతాం, ఆఖరికి పీచుతో గిన్నెలు తోముకుంటాం. అలాంటి కాయ ఒక మనిషి అరచేతిలో పడుకుని ఉండి, ఉన్నట్టుండి లేచి నిలబడటం నేను అనంతపురం జిల్లాలో కళ్లారా చూశాను. ఇంటికొచ్చి చాలా రోజులైనా ఆ అదురు నన్ను వదల్లేదు. మావాళ్లకు చెబితే, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషివి, ఎండదెబ్బ గానీ తగిలిందా అని అడిగారు. వాళ్లకు నోటితో చెప్పి లాభం లేదని ఇలా కూర్చుని రాస్తున్నాను.

వెళ్లిన పని పిల్లల పరిశోధనల పోటీ. హైస్కూలు పిల్లలు ఏదో ఒక భౌతికశాస్త్ర ప్రశ్న తీసుకుని, సొంత చేతులతో ప్రయోగం చేసి, నివేదిక పంపాలి. చదివి ఎంచేవాళ్లలో నేనొకదాన్ని. ఒక నివేదిక దగ్గర మా కమిటీకి పెద్ద గొడవ వచ్చింది. గుమ్మఘట్ట మండలం నుంచి మంజుల అనే పదో తరగతి అమ్మాయి పంపింది. వాళ్ల నాన్న అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో నడుస్తాడు. కాయ లేచి నిలబడిన చోట భూమిలో నీళ్లున్నట్టు. రైతులు అక్కడే బోరు వేయిస్తారు. ఈ పిల్ల బడి వెనక నేలలో నీళ్లు నింపిన గొట్టం పాతి, తండ్రి కళ్లకు గంతలు కట్టి నడిపించింది. గొట్టం మీదికి వచ్చిన ప్రతిసారీ కాయ లేచింది. మణికట్టుకు ఫోన్ కట్టి కొలిస్తే, కాయ లేవబోయే ముందు చెయ్యి కాస్త వాలుతోందని తేలింది. గొట్టం మీదే ఎందుకు వాలుతోంది అన్నచోట "కారణం తెలియలేదు" అని రాసి వదిలేసింది.

"మూఢనమ్మకం, పక్కన పడేయండి" అన్నారు కమిటీలో చాలామంది. నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ "కారణం తెలియలేదు" దగ్గర చెయ్యి ఆగింది. పోటీలకు రాసే పిల్లలెవరూ ఆ మాట రాయరు, మాలాంటి మాస్టర్లం రాయనివ్వం. వెళ్లి చూసి వచ్చాకే కొట్టేద్దామని పట్టుబట్టాను. అయితే పనిలో పనిగా తాడిపత్రిలో ఇంకో ప్రయోగం కూడా చూసి రమ్మన్నారు.

అనంతపురంలో బొరుగుల టిఫిను

రైలు దిగి, స్టేషను ఎదుట చిన్న హోటల్లో కూర్చుంటే పళ్లెంలో తడిపిన బొరుగులు తెచ్చి పెట్టారు. మా వైపు బొరుగులు జ్వరమొచ్చినవాళ్లకు పెడతాం, లేదా శివరాత్రికి ఉండలు కడతాం. ఇక్కడ వాటిని నీళ్లలో ముంచి పిండి, తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి ఉగ్గాని అంటారు. పక్కన పచ్చిమిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. కారం లేని మిరపకాయేలే అని సగం కొరికాను. ఆ తర్వాత కాసేపు నాకు లోకం కనబడలేదు.

"ఏమ్మా, బజ్జీకే ఏడుస్తాండావు," అన్నాడు హోటలాయన, మంచినీళ్ల గ్లాసు నా ముందు పెడుతూ. "రోంత ఉగ్గాని నోట్లో ఏసుకో. తగ్గిపోతాది."

నిజంగానే తగ్గింది. అక్కడే నాకు కారు డ్రైవరు ఓబులేసు దొరికాడు. కాళ్లకు ఇంత మందం అడుగున్న బూట్లు, ఆ ఎండలో. గాలిమరలు నిలబెట్టే కంపెనీలో కొన్నాళ్లు పనిచేస్తే ఇచ్చారట. యాడికి పోవాలని అడిగితే వచ్చిన పని చెప్పాను.

"టెంకాయ లేస్తాది మేడం," అన్నాడు తాపీగా. "దాంట్లో చూసేదేముండాది?"

పొద్దున్నే సూర్యుడు వస్తాడు అన్నంత మామూలుగా అన్నాడు. చదువుకున్నవాడు, డిగ్రీ పాసయ్యాడట.

తాడిపత్రిలో విడిపోని రాళ్లు

తాడిపత్రి అంతా రాతిపొడి. చెట్ల ఆకులు తెల్లగా, లారీలు తెల్లగా, టీ కొట్టు బల్లలు తెల్లగా ఉన్నాయి. బండలు కోసే యంత్రాల రొదలో మనుషులు చేతి సైగలతోనే బేరాలాడుకుంటున్నారు.

ఖాజా అనే తొమ్మిదో తరగతి పిల్లాడు రాళ్ల మధ్య ఘర్షణ కొలిచాడు. గరుకు రాయి నుంచి మొదలుపెట్టి నున్నదనం పెంచుకుంటూ పోతే ఘర్షణ తగ్గుతూ రావాలి. వాడి గ్రాఫు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివర్లో పైకి లేచింది. ఎక్కడో తప్పు కొలిచావు నాయనా అన్నాను. వాడు వాదించలేదు. అద్దంలా పాలిష్ పట్టిన రెండు రాతి ముక్కల మధ్య నాలుగు చుక్కల నీళ్లు పోసి, గట్టిగా అదిమి నా చేతిలో పెట్టాడు.

"విడదియ్యి మేడం."

లాగాను. రాలేదు. కుర్చీలోంచి లేచి, పళ్లు బిగించి లాగాను. నున్నగా ఉంటే జారిపోతాయని ఇన్నేళ్లు బోర్డు మీద రాసిన నా చేతుల్లో అవి అతుక్కుని కూర్చున్నాయి. మధ్యలో గాలి దూరే సందు లేక, ఆ కాస్త నీటిపొర పట్టుకుందని నాకు తెలుసు. తెలియడం వేరు, చేతికి తగలడం వేరు. ఇంకోసారి గుంజేసరికి ఠప్పున విడిపోయి, ఒక ముక్క సరిగ్గా నా కుడికాలి బొటనవేలి మీద పడింది.

"లాగగూడదు మేడం, పక్కకు జరపాల," అన్నాడు వాడు చాలా బాధగా. వేలు నీలంగా ఉబ్బింది. ఈ వేలు సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది. ఖాజాకు మంచి మార్కులే వేశాను.

రాయదుర్గం దారిలో

మర్నాడు కళ్యాణదుర్గం మీదుగా పడమటికి వెళ్లాం. ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, వాటి మీద గాలిమరలు. మా కోనసీమలో కారు ఏ వైపు తిప్పినా కాలవ అడ్డమొస్తుంది. ఇక్కడ గంటలకొద్దీ పోయినా తడి కనబడలేదు. చెరువు అని బోర్డున్న చోట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పంట తీసేసిన చెనక్కాయ, అదే మా వేరుశనగ, చేలలో అక్కడక్కడా ఇనుప గొట్టాలు నేలలోంచి జానెడు పైకి లేచి, మూతి మీద రాయి పెట్టి ఉన్నాయి. ఒక్కో చేలో రెండేసి, మూడేసి.

"అవేమిటి ఓబులేసూ?"

"ఎండిపోయిన బోర్లు మేడం. పిల్లోళ్లు పడకుండా రాయి పెడ్తారు."

"ఆ చోట్లు ఎవరు చూపించారు?"

"ఎవురో ఒగరు. టెంకాయతోనో, ఏపపుల్లతోనో." గేరు మార్చి, "మా చేన్లోనూ ఉండాయి," అన్నాడు. "అందుకే గదా కారు తోల్తాండా."

నేను అతని వైపు తిరిగి చూశాను. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. టెంకాయ లేస్తుందని నిన్న అంత ధీమాగా చెప్పిన మనిషి ఇతనే. నమ్మకం పోలేదా అని అడగబోయి, ధైర్యం చాలక మానుకున్నాను.

రాయదుర్గంలో టీకి ఆగాం. సగం బోర్డులు కన్నడంలో ఉన్నాయి. కొట్లో కొబ్బరికాయ ధర అడిగితే నలభై అన్నాడు. మా దగ్గర రైతుకు అందులో సగం వస్తే పండగ. పైగా ఇంత చిన్నకాయ మా ఇంట్లో అయితే గేదెలకు వేసేది మా అత్తగారు.

టెంకాయ తినని ఇల్లు

ఊరు చేరగానే, మంజుల బడిలో సైన్సు చెప్పే నసీమా టీచరు మమ్మల్ని నేరుగా ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్లింది. మంజుల సన్నగా, జడ బిగించి, ముభావంగా ఉంది. తండ్రి తిప్పేస్వామి నలభై అయిదు దాటిన మనిషి, పెద్ద పెద్ద అరచేతులు. గూట్లో తెల్లటి చెయ్యి ఒకటి కనబడి ఉలిక్కిపడ్డాను. తండ్రి అరచేతికి మంజుల సున్నంలాంటి ప్లాస్టర్ పిండితో తీసిన అచ్చు అది. దాని కింద మరమేకు బిగించింది. మర తిప్పితే చెయ్యి కొంచెం కొంచెంగా వాలుతుంది. ఒక హద్దు దగ్గర, కంటికి వాలినట్టే తెలియని వాలుకు, దాని మీద పడుకోబెట్టిన కాయ లేచి కూర్చుంటుంది. చేసి చూపించింది. ఆ సున్నపు చేతిలో కాయ లేవడం చూసి ఇంకోసారి మర తిప్పించాను.

ఇంత పని చేసిన పిల్లకు ఏదో ఒకటి ఇవ్వాలని, అమలాపురం నుంచి తెచ్చిన మిఠాయి డబ్బా తీసి ఆమె తల్లి చేతిలో పెట్టాను. కొబ్బరి లౌజు అన్నాను గొప్పగా.

తల్లి డబ్బా కళ్లకద్దుకుని, మూత తియ్యకుండా గూట్లో సున్నపు చెయ్యి పక్కన పెట్టింది.

"మా నాయన టెంకాయ తినడు మేడం," అంది మంజుల. "నీళ్లు చూసేటోళ్లు తినకూడదు. నేను పుట్టకముందు నుంచీ తినలేదు. అందుకని మేమూ ఇంట్లో తినము."

"చేతిలో పెట్టుకోని నీళ్లు అడిగేదాన్ని నోట్లో ఎట్ల పెట్టుకుంటాడమ్మా," అంది తల్లి.

పదిహేనేళ్ల పైమాటే. కొబ్బరి లేని వంట నాకు ఊహకు కూడా అందలేదు. నా బహుమతి తలుచుకుంటే సిగ్గేసింది. తిప్పేస్వామే నన్ను గట్టెక్కించాడు, "తెలీక తెచ్చినారు, ఏం కాదులే మేడం," అని. వేడి రాగిసంగటి ముద్ద, చెనక్కాయల పచ్చడి పెట్టారు. సంగటి నమలకుండా మింగాలని తెలియక నేను నములుతుంటే మంజుల మొదటిసారి నవ్వింది.

తింటుండగా ఈరన్న అనే రైతు వచ్చాడు. ఇంతకుముందు వేసిన బోరు ఎండిపోతే, ఈసారి మేకలు అమ్మి మళ్లీ వేయిస్తున్నాడు. తిప్పేస్వామి చూపించిన చోట గుర్తురాయి పెట్టారట. లారీ రేపు పొద్దున వస్తుందని చెప్పడానికి వచ్చాడు. ప్రయోగం ఉందని తెలిసి, నేనూ చూస్తానని కూర్చున్నాడు. మంజుల తినడం ఆపి, ఆ ఇద్దరి వైపు మార్చి మార్చి చూసింది. చేతులు కడుక్కునే చోట నా పక్కకు వచ్చి మెల్లగా అంది, "కారణం తెలీకుండానే రాయి పెట్టేసినారు మేడం. నాకు బయమైతాంది."

బడి వెనక

బడి వెనక బీడు నేల. గొట్టం ఎక్కడ పాతారో పైకి ఏమీ తెలియడం లేదు. వానలు లేక పైమట్టి అంతా ఒకే రంగు. మంజుల చూపిస్తేనే నాకు తెలిసింది. తిప్పేస్వామి చెప్పులు గట్టున విప్పి, కాయను కళ్లకద్దుకుని అరచేతిలో పడుకోబెట్టుకున్నాడు. గంతలు నేనే కట్టాను, నా చున్నీతో రెండు చుట్లు. గుండ్రంగా తిప్పాను. నడవడం మొదలుపెట్టే చోటు ప్రతిసారీ మార్చాను. అందరినీ మాట్లాడవద్దన్నాను.

గొట్టం మీదికి రాగానే కాయ లేచింది.

మళ్లీ తిప్పి, ఇంకో వైపు నుంచి పంపించాను. లేచింది. వంకరగా నడిపించాను, వెనక్కి నడిపించాను. గొట్టం మీద తప్ప ఎక్కడా లేవలేదు, గొట్టం మీద లేవకుండా ఉండలేదు. ఏదో మోసం ఉందని వెతుకుతూ వచ్చిన దాన్ని, మోసం లేదని తేలేకొద్దీ నాకు భయం వేసింది. ఇక రేపు క్లాసులో ఏం మొహం పెట్టుకుని పాఠం చెప్పాలి?

"నేను చేస్తాను, ఇటివ్వండి" అన్నాను. కాయ పట్టుకుని అలాగే అడుగు వేయబోతే నసీమా టీచరు చెయ్యి పట్టుకుంది.

"చెప్పులు మేడం. ఈడ ఎవురూ టెంకాయ పట్టుకోని చెప్పులేసుకోరు. నేనైనా ఇప్పే పట్టుకుంటా."

విప్పాను. నేల కాలిపోతోంది, పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నాయి, బొటనవేలు సలుపుతోంది. కళ్లకు గంతలు కట్టి ముగ్గురు కలిసి నన్ను తిప్పేశారు. దిక్కు తెలియక, పడతానేమోనని ఒక్కో అడుగూ తడుముకుంటూ నడుస్తున్నాను. ఉన్నట్టుండి నా చేతిలో కాయ లేచింది.

నేను అరిచాను. గంతలు లాగేసి చూస్తే గొట్టం నా కాళ్ల కిందే ఉంది. చెయ్యి కదపలేదని ఒట్టు వేసి చెప్పగలను. కానీ మణికట్టుకు కట్టిన ఫోనులో నా చెయ్యి వాలినట్టు స్పష్టంగా ఉంది. నా చెయ్యి నాకు చెప్పకుండా కదిలింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"అప్పుడేమనిపిచ్చింది మేడం?" మంజుల నా ముందు గొంతుక్కూర్చుని అడిగింది.

"ఏమీ లేదు. ఈ వేలు నొప్పి కాస్త తగ్గినట్టయింది. నేల మెత్తగా తగిలి..."

మంజుల లేచి, కళ్లు మూసుకుని, వట్టి కాళ్లతో గొట్టం మీదుగా అటూ ఇటూ నడిచింది. ఆగింది. అరికాలితో మట్టిని నొక్కి చూసింది.

"గుంత మేమే తవ్వి పూడ్చినాం టీచర్. ఈడ మట్టి ఇంగా గట్టిపళ్లేదు. కాలికి తెలుస్తాంది."

నేను నుదురు కొట్టుకున్నాను. కళ్లకు గంతలు కట్టాం, కాళ్లను వదిలేశాం. ఆమె రాసిన నివేదిక నాకు కంఠతా వచ్చు. అందులో చెప్పుల మాట లేదు. గుడికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పులు విప్పామని విడిగా చెబుతారా? ఈ ఊరివాళ్లకు అదీ అంతే. టెంకాయ పట్టుకుంటే చెప్పులు వాటంతటవే కాళ్ల నుంచి పోతాయి. చదివిన మాకూ అనుమానం రాలేదు.

మంజుల తండ్రి దగ్గరికి వెళ్లింది.

"నాయనా, చెప్పులేసుకోని నడుస్తావా?"

ఈరన్న లేచి నిలబడ్డాడు. "టెంకాయ పట్టుకోని చెప్పులా? తప్పు పాపా. అట్ల అడగగూడదు."

తిప్పేస్వామి కూతురి వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడం, నాది తప్పని తేలితే పాప గెలుస్తాదా?"

అలాంటి ప్రశ్న నన్ను జన్మలో ఎవరూ అడగలేదు. అబద్ధం చెప్పి తప్పించుకోవాలనిపించింది. "గెలుపు నా ఒక్కదాని చేతిలో లేదు," అన్నాను. "మీరు చెప్పులతో నడిస్తే ఆమె వెతుకుతున్న కారణం దొరుకుతుంది. అది మాత్రం చెప్పగలను."

"అయితే సరే."

రబ్బరు చెప్పులైతే నేల ఇంకా తెలుస్తుందని ఓబులేసు మాట్లాడకుండా తన బూట్లు విప్పి ముందు పెట్టాడు. తిప్పేస్వామి కాయను కళ్లకద్దుకుని, మనసులో ఏదో అనుకుని, బూట్లలో కాళ్లు పెట్టాడు. ఈరన్న మొహం తిప్పుకున్నాడు. నేను మళ్లీ గంతలు కట్టి తిప్పాను.

నడిచాడు. గొట్టం దాటి వెళ్లిపోయాడు. కాయ కదల్లేదు.

తిరిగి వచ్చాడు, మళ్లీ దాటాడు. ఇంకొంచెం ముందుకు, తవ్వని గట్టి నేల మీద, కాయ లేచి నిలబడింది. తిప్పేస్వామి గెలిచినవాడిలా నవ్వుతూ గంతలు తీశాడు. గొట్టం ఎక్కడో వెనక ఉంది. ఆ నవ్వు అతని ముఖం మీద అలాగే కాసేపు ఉండిపోయింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు. నేను చూడలేకపోయాను. నసీమా టీచరు ముక్కు చీదుతోంది.

"రాసుకున్యావా పాపా?" అన్నాడు.

మంజుల తలూపింది. చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఒగసారి సాలదు గదా నీకు. ఇంగోసారి నడుస్తా," అని తనే గంతలు కట్టుకున్నాడు. కూతురు చాలన్నదాకా నడిచాడు. ఒక్కసారైనా సరిగ్గా లేస్తే బాగుండునని, కమిటీ మనిషినన్న మాట మర్చిపోయి, నేను లోపల్లోపల కోరుకున్నాను. లేవలేదు.

ఈరన్న చేను

పొద్దున బయలుదేరుతుంటే దారిలో ఈరన్న చేను దగ్గర బోరు లారీ ఆగి ఉంది. ఓబులేసు అడక్కుండానే కారు ఆపాడు. తిప్పేస్వామి చేలో వంగి, తను పెట్టించిన గుర్తురాయిని రెండు చేతులతో ఊడబెరుకుతున్నాడు. మంజుల, నసీమా టీచరు గట్టున ఉన్నారు.

"నువ్వు రాయి తీసేస్తే నేను యాడ తవ్వాలన్నా?" ఈరన్న గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "ఎవురో ఒగరు చూపియ్యాల గదా. లారీ వచ్చి నిలబడుండాది."

"నాకు తెల్దు ఈరన్నా," అన్నాడు తిప్పేస్వామి. "కింద నీళ్లుండాయో లేవో నాకు తెల్దు."

అంత మాట తండ్రి నోట ఎప్పుడూ వినలేదని మంజుల తర్వాత నాకు చెప్పింది. భూగర్భ జలాల ఆఫీసు వాళ్లను యంత్రంతో పిలిపిస్తానని నసీమా టీచరు అంది. "వాళ్లొస్తే మటుకు లేని నీళ్లు పుట్టిస్తారా?" అన్నాడు ఈరన్న. లారీవాడు హారన్ కొట్టాడు. ఈరన్న రాయి ఊడిన గుంత దగ్గర గొంతుక్కూర్చుని, మట్టి ఇంత తీసి నలిపి, వదిలేశాడు. చివరికి లారీ వైపు చెయ్యి ఊపి, "పోప్పా, ఈ పొద్దు లేదు," అన్నాడు.

లారీ వెనక్కి తిరిగి వెళ్లింది. రేపు ఇంకొకరు ఇంకో కాయతో వచ్చి ఇంకో చోటు చూపించవచ్చు. ఈ మాట నేను పైకి అనలేదు. ఇది రాసేనాటికి పోటీ ఫలితాలు రాలేదు. నా మార్కులు మాత్రం నేను వేసేశాను.

సంచి మర్చిపోయానని మళ్లీ మంజుల ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. తిప్పేస్వామి, మంజుల మా కారులోనే వచ్చారు. తిప్పేస్వామి గుమ్మంలో కాళ్లు కడుక్కుని, లోపల గోడకానుకుని కూర్చున్నాడు. మట్టి పట్టిన అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను సంచి తీసుకుని, వస్తాను తిప్పేస్వామి గారూ అన్నాను.

అతను తలూపాడు. తర్వాత లోపలికి తిరిగి కూతురిని పిలిచాడు.

"పాపా, మేడం తెచ్చిన డబ్బా మూత తీసి ఇట్ల తే."